తుపాకి గొట్టములో దాగిన లోపములు

తుపాకి గొట్టము చూచుటకు చాల సామాన్యమైన వస్తువు. ఒక ఉక్కు కడ్డీ, దాని నడుమ ఈ కొన నుండి ఆ కొన వరకు ఒక బెజ్జము, అంతే. కాని ఆ బెజ్జములో మందు మండినప్పుడు జరుగు పని సామాన్యమైనది కాదు. 20వ శతాబ్దపు సైనిక రైఫిలులో మందు అంటుకొన్న క్షణము నుండి గుండు బయటపడుటకు సెకండులో వెయ్యవ వంతో, అంతకు కొంచెము ఎక్కువో పట్టును. ఆ స్వల్పకాలములో లోపలి వాయువుల పీడనము చదరపు సెంటీమీటరుకు సుమారు 3,500 కిలోగ్రాముల వరకు లేచును. మన చుట్టు నున్న గాలి పీడనము అదే చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోగ్రాము మాత్రమే. గొట్టము వెనుక కొనకు తుపాకి పేల్చువాని చెంప జానెడు దూరములో ఉండును. కనుక గొట్టములో లోపమున్నదా లేదా అను ప్రశ్న అతనికి చిన్న ప్రశ్న కాదు.

కర్మాగారము నుండి అప్పుడే వెలువడిన క్రొత్త గొట్టములో రెండు జాతుల లోపములుండవచ్చును. మొదటి జాతి ఆకారమునకు సంబంధించినది: బెజ్జము వంకరగా నుండుట, ఒకచోట ఇరుకుగా మరియొకచోట వదులుగా నుండుట, లోపల పనిముట్టు గీతలు మిగులుట. రెండవ జాతి లోహమునకు సంబంధించినది: అతుకు సరిగా కలియకపోవుట, లోపల బుడగలో పగుళ్లో దాగియుండుట, ఉక్కు పెళుసెక్కుట. మొదటి వానిని చాలవరకు కన్నుతోను చేతితోను పట్టుకొని, ఆ గొట్టములోనే సరిదిద్దవచ్చును. రెండవ వానిని పట్టుకొనుట కష్టము. పట్టుకొన్నను ఆ గొట్టమును బాగుచేయుట తరచు అసాధ్యము. ఈ తేడాను మనుష్యులు గ్రహించుటకు మూడు వందల ఏండ్లకు పైగా పట్టినది. ఆ గ్రహణమునకు మూల్యము కొందరి చేతివ్రేళ్లు, కొందరి కన్నులు.

గొట్టము పగిలినప్పుడు ఏ దిక్కున పగులును? చలిదేశములలో నీటిగొట్టములో నీరు గడ్డకట్టినప్పుడు ఆ గొట్టము తరచు నిలువుగా, అనగా పొడవునా చీలును. ఉంగరము తెగినట్లు అడ్డముగా తెగుట అరుదు. కారణమును ఉన్నత పాఠశాల విద్యార్థి సులభముగా లెక్కకట్టగలడు. లోపలి పీడనమును ప అనియు, లోపలి వ్యాసార్ధమును వ అనియు, గోడ మందమును మ అనియు అందము. రెండు ప్రక్కల మూసియున్న పలుచని గొట్టమును పొడవునా రెండు సమభాగములుగా చీల్చినట్లు ఊహింపుడు. ఒక సెంటీమీటరు పొడవులో ఈ రెండు భాగములను విడదీయజూచు బలము ప × 2వ. దానిని ఆపుచున్నవి ఇరుప్రక్కల నున్న గోడలు. వాని వైశాల్యము 2మ. కావున గోడలోని ప్రతి చదరపు సెంటీమీటరుపై పడు లాగుడు ప × వ ÷ మ. ఇప్పుడు అదే గొట్టమును అడ్డముగా కోసినట్లు ఊహించి లెక్కకట్టినచో, ఆ దిక్కున లాగుడు సరిగా ఇందులో సగమే వచ్చును. తుపాకి గొట్టము గోడ పలుచనిది కాదు, ముందు కొన మూసియుండదు. కనుక అసలు లెక్క దీనికంటె చిక్కైనది. అయినను గొట్టమును చుట్టు దిక్కున లాగు బలమే ఎక్కువ అను మాట మాత్రము మారదు. అందువలన పొడవునా ఉన్న అతుకు గాని పగులు గాని అన్నిటికంటె అపాయకరము.

దురదృష్టవశమున, రేకును చుట్టి గొట్టము చేయు కమ్మరికి అన్నిటికంటె సులభమైన అతుకు పొడవునా వచ్చు అతుకే.

ఈ సంగతి మన దేశములో 16వ శతాబ్దము నాటికే తెలిసినదనుటకు మంచి సాక్ష్యము కలదు. అక్బరు చక్రవర్తి ఆస్థానమున నున్న అబుల్ ఫజల్ తన ‘ఐనీ అక్బరీ’ గ్రంథములో తుపాకుల తయారీని వర్ణించెను. పూర్వము ఇనుమును సుత్తితో దాకలిపై రేకుగా సాగగొట్టి, రెండు అంచులను చేర్చి అతికెడివారట. అట్టి తుపాకులలో నాలుగవ వంతుకు మించి మందు నింపుటకు వీలులేకపోయెను. ప్రమాదములు మెండుగా జరిగెను. అక్బరు కాలమున పద్ధతి మారినది. ఇనుప రేకును కాగితము చుట్టినట్లు ఏటవాలుగా చుట్టి, ఒక చుట్టు అంచు మరియొక చుట్టు అంచును తాకి ఊరకుండక దానిపైకి ఎక్కునట్లు పరచి, నెమ్మదిగా కాల్చి అతికిరి. ఇట్లు చేసిన గొట్టములు మూతివరకు మందు నింపి పేల్చినను పగులలేదని అబుల్ ఫజల్ వ్రాసెను. ఇనుప దిమ్మలను ఎఱ్ఱగా కాల్చి, నడుమ ఇనుప శూలముతో బెజ్జము చేసి, అట్టి మూడు నాలుగు ముక్కలను కలిపి ఒక తుపాకి చేయు మరియొక పద్ధతిని కూడ ఆయన పేర్కొనెను. అతుకు ఏటవాలుగా తిరిగినప్పుడు చుట్టు దిక్కు లాగుడు మొత్తము దానిపై పడదు. అంచుపై అంచు ఎక్కినప్పుడు అతుకు వైశాల్యము పెరుగును. పైన మనము కట్టిన లెక్క ఆ కమ్మరులకు తెలియదు, ఫలితము తెలియును. ఈ పద్ధతిని చక్రవర్తియే కనిపెట్టెనని గ్రంథములో నున్నది. ఆస్థాన చరిత్రకారుడు అట్లు కాక మరెట్లు వ్రాయును? కొలిమి ముందు కూర్చున్న వాని పేరు మాత్రము మనకు దక్కలేదు.

అవి రైఫిలులు కావు; లోపల నునుపుగా నుండు గొట్టములు. ఐరోపాలో కూడ ఇనుప పట్టీలను మెలిపెట్టి చుట్టి చేసిన గొట్టములు 19వ శతాబ్దము వరకు వేట తుపాకులకు వాడుకలో ఉండెను. సైన్యములకు వేలకొలది తుపాకులు కావలసి వచ్చుటచే అక్కడ చౌకయైన పొడవాటి అతుకే చాలకాలము నిలిచినది. చౌకదనమునకు తోడుగా పరీక్ష రావలసి వచ్చెను. లండనులో తుపాకులు చేయువారి సంఘమునకు 1637లో రాజశాసనము లభించినది. గొట్టములను పరీక్షించి ముద్రవేయు అధికారము ఆ సంఘము చేతికి వచ్చినది. బర్మింగ్‌హాములో 1813లో పార్లమెంటు చట్టము ద్వారా పరీక్షాశాల వెలసినది. పరీక్ష చాల మొరటుది. మామూలుకంటె ఎక్కువ మందు నింపి, మనుష్యులు దూరముగా నిలిచి పేల్చుదురు. పగిలినది పోవును; నిలిచిన దానికి ముద్ర పడును. ఈ పరీక్ష ఎందరి ప్రాణములనో కాపాడినది. కాని ఒక చిక్కు కలదు. ఆ గొట్టము ఆ ఒక్క దెబ్బకు ఆగినదని మాత్రమే ముద్ర చెప్పును; ఎంత చేరువగా వచ్చి ఆగినదో చెప్పదు. ఈ చిక్కు ఎంత పెద్దదో 1917లో తెలియనున్నది.

ఇక ఆకారపు లోపముల సంగతి. రైఫిలు గొట్టము లోపల మెలి తిరిగిన గాడులుండును. గుండు వానిలో ఒరసికొనుచు బొంగరమువలె తిరుగుచు వెలువడును. ఆ తిరుగుటచేతనే గాలిలో దొర్లక నిటారుగా పోవును. గాడులు పనిచేయవలెనన్నచో బెజ్జము తిన్నగా, అంతట ఒకే వెడల్పుగా ఉండవలెను. చేతికి ఇమిడెడు వెడల్పు గల పొడవైన కడ్డీలో ఒక చిన్న వ్రేలు కూడ దూరని బెజ్జమును ఒక గజము పొడవున తొలచునప్పుడు తొలిపిడి ఒక ప్రక్కకు జరుగకుండుట దాదాపు అసాధ్యము. కనుక గొట్టములను తొలిచిన తరువాత తిన్నగా చేయువారు ప్రతి ఆయుధశాలలోను ఉండెడివారు. వారి పని చూడదగినది. పూర్వము బెజ్జములో సన్నని తీగను బిగించి, అది గోడను ఎక్కడ తాకుచున్నదో చూచెడివారు. 19వ శతాబ్దములో నీడ పద్ధతి వ్యాపించినది. గొట్టమును కంటి దగ్గర పెట్టుకొని కిటికీ వైపు చూచినచో, కిటికీ అడ్డకమ్మి నీడ నునుపైన లోపలి గోడలలో ప్రతిబింబించి రెండు నల్లని గీతలుగా కనబడును. బెజ్జము తిన్నగా ఉన్నచో గీతలు తిన్నగా సాగి పోవును. వంకర ఉన్నచోట గీత విరిగినట్లగును. గొట్టమును త్రిప్పుచు, విరుపు ఎటున్నదో కనుగొని, దాకలిపై పెట్టి ఒక్క దెబ్బ, మరల కంటి దగ్గర పెట్టి చూపు, మరల దెబ్బ.

వెండ్రుకంత వంకర కంటికి ఎట్లు తెలియును? అద్దమును ఒక డిగ్రీ త్రిప్పినచో ప్రతిఫలించిన కిరణము రెండు డిగ్రీలు తిరుగునని పాఠములలో చదువుదుము. గొట్టము లోపలి గోడ అట్టి అద్దమే. పైగా కిరణము గోడను రాచుకొనునట్లు ఏటవాలుగా పోవుటచే చిన్న వంకర కూడ నీడను చాలదూరము జరుపును. ఈ పనివాండ్రు కాంతిశాస్త్రము చదివినవారు కారు గాని, భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ప్రతిఫలన నియమమును ఇంతకంటె ఎక్కువ మారులు ఉపయోగించినవారు ఉండరు.

అయితే చల్లగా ఉన్న గొట్టమును కొట్టి తిన్నగా చేసినప్పుడు వంకర పోవును, బిగువు మిగులును. వరుసగా పేల్చినప్పుడు గొట్టము వేడెక్కి ఆ బిగువు సడలును. గొట్టము తన పాత వంకరవైపు కొంచెము జరుగును. మొదటి గుండు గురి మధ్య తగులును. పదవది ప్రక్కకు పోవును. పేల్చువాడు తన చేతినో, గాలినో తిట్టుకొనును. దీనిని నివారించుటకు గొట్టమును తగినంత వేడిచేసి మెల్లగా చల్లార్చి, బిగువును ముందే తీసివేయుదురు.

ఇరుకు, వదులు, పనిముట్టు గీతలు సరిచేయుటకు సీసము వచ్చినది. ఒక కడ్డీని గొట్టములో నిలిపి, దాని చుట్టు కరిగిన సీసమును కొంచెము పోయుదురు. సీసము గాడుల ఆకారమును అచ్చుగా పట్టుకొనును. దానికి నూనెయు కురువిందపు పొడియు రాసి ముందుకు వెనుకకు త్రోయుదురు. ఇరుకైన చోట కడ్డీ బిగియును. వదులైన చోట జారును. కొలబద్దకు అందని తేడా అరచేతికి తెలియును. బిగిసిన చోట ఎక్కువ మారులు త్రోసి, అంతట ఒకే బిగువు వచ్చువరకు సాగింతురు. ఇందులో ఒక నియమము కలదు: గొట్టము మూతివైపు కొంచెము బిగువుగా ఉన్నను ఫరవాలేదు, వదులుగా ఉండరాదు. గుండు గొట్టమును విడుచు చివరి క్షణమున దానిని పట్టుకొనియున్నది ఆ మూతియే. మూతి వదులైనచో సీసము ఏమియు చేయలేదు, ఏలనన అది ఉన్న లోహమును తీసివేయగలదు గాని లేనిదానిని చేర్చలేదు. మూతిని ఒకటి రెండు అంగుళములు కోసివేయుటయే దానికి మందు.

చేతి అంచనాను కొలతగా మార్చినవారిలో ముఖ్యుడు మాంచెస్టరులో యంత్రములు నిర్మించు జోసెఫ్ విట్‌వర్త్. 1851 లండను ప్రదర్శనములో అంగుళములో పది లక్షలవ వంతు తేడాను పట్టు కొలత యంత్రమును చూపినవాడు ఆయనయే. క్రిమియా యుద్ధము జరుగుచుండగా, 1854లో బ్రిటిషు ప్రభుత్వము ఎన్‌ఫీల్డు రైఫిలులను చేయుటకు యంత్రములు నిర్మింపుమని ఆయనను కోరినది. ఆయన సమాధానము నాకు చాల ఇష్టము. మంచి గొట్టమనగా ఏదో ముందు తెలిసికొననిండు, తరువాత యంత్రముల సంగతి చూతమని ఆయన అనెను. మంచిది ఏదో తెలియక లోపమేదో ఎవరు చెప్పగలరు? ప్రభుత్వ వ్యయముతో మాంచెస్టరు ప్రక్కన ఆయన ఇంటి ఆవరణములో 500 గజముల పొడవైన కప్పుగల ప్రయోగశాలను కట్టిరి. గాలి సోకకుండ చేయుటకే దానికి కప్పు. గుండు దారిని గుర్తించుటకు లోపల వరుసగా పలుచని కాగితపు తెరలు. తుపాను ఒకటి వచ్చి దానిని కూల్చివేయగా, మరల కట్టిరి. అక్కడ ఆయన గాడుల ఆకారమును, మెలిక వేగమును, గొట్టము వెడల్పును ఒక్కొక్కటిగా మార్చి చూచెను.

ఎన్‌ఫీల్డు గొట్టము వెడల్పు 0.577 అంగుళము, గాడులు 78 అంగుళములకు ఒక చుట్టు తిరుగును. విట్‌వర్త్ చివరకు నిర్ణయించిన గొట్టము 0.451 అంగుళము వెడల్పుగల ఆరు పలకల బెజ్జము. 20 అంగుళములకే ఒక చుట్టు. 1857లో జరిగిన పోటీలో 500 గజముల దూరమున ఎన్‌ఫీల్డు గుండ్లు సగటున 2.24 అడుగులు ప్రక్కకు పోగా, విట్‌వర్త్ గుండ్లు 0.37 అడుగు, అనగా నాలుగున్నర అంగుళములు మాత్రము పోయినవి. సైన్యము మాత్రము ఆ రైఫిలును అంగీకరింపలేదు. అది ఖరీదైనది, ఇరుకైన బెజ్జములో మందు మసి త్వరగా పేరుకొనును. సైన్యము అన్నమాటలోను న్యాయము కలదు. ప్రయోగశాలలో మసి తుడుచుకొనుటకు తీరిక ఉండును, యుద్ధములో ఉండదు.

విట్‌వర్త్ అక్కడితో ఆగలేదు. ఆయన దృష్టి ఆకారము నుండి లోహమునకు మరలినది. అతుకు ఉన్నంతకాలము అతుకులోపము ఉండును. కనుక అతుకు లేని ఉక్కు దిమ్మను పోతపోసి తొలుచుటయే మేలు. కాని కరిగిన ఉక్కు గడ్డకట్టునప్పుడు అందులో కరిగియున్న వాయువులు బుడగలై చిక్కుకొనును. ఒక బుడగ సాగగొట్టునప్పుడు పొడవుగా సాగి, గొట్టము గోడలో సన్నని చీలిక యగును. అదియు మన లెక్కలోని అపాయకరమైన దిక్కుననే. దీనికి ఆయన 1865 నాటికి ఒక ఉపాయము కనిపెట్టెను. ఉక్కు ఇంకను ద్రవముగా ఉండగనే నీటి ప్రెస్సుతో చదరపు అంగుళమునకు 6 టన్నులు, అంతకు పైగా అదిమి ఉంచుట. అట్లు చేసినప్పుడు ఉక్కు స్తంభము తన ఎత్తులో ఎనిమిదవ వంతు తగ్గినదట. ఆయన మరియొక మాట కూడ గట్టిగా చెప్పుచుండెను: తుపాకి ఉక్కు బలముగా ఉన్నంత మాత్రాన చాలదు, సాగవలెను. పీడనము మితిమీరినప్పుడు మంచి ఉక్కు ఉబ్బవలెను గాని గాజువలె ముక్కలై ఎగురరాదు. ఈ మాటను ముందు చెప్పబోవు కథలో గుర్తుంచుకొనవలెను.

గోడలో దాగిన చీలికను గొట్టము పగులగొట్టకుండ కనుగొనవచ్చునా? 1868లో ఇంగ్లండులో సాక్స్‌బీ అనునాతడు ఫిరంగి గొట్టములను అయస్కాంతములుగా చేసి, వాని వెంట దిక్సూచిని జరుపుచు చూచెను. ఉక్కు ఏకాండిగా ఉన్నచోట ముల్లు నెమ్మదిగా ప్రవర్తించును. లోపల తెగియున్నచోట అకస్మాత్తుగా ప్రక్కకు తిరుగును. చక్కని ఆలోచన. కాని అరవై ఏండ్ల వరకు దానిని ఎవరును అంతగా పట్టించుకొనలేదు.

ఇప్పుడు 1917 కథ. అమెరికా సైన్యపు 1903 నమూనా రైఫిలును మసాచుసెట్సులోని స్ప్రింగ్‌ఫీల్డు ఆయుధశాలయు, ఇల్లినాయిలోని రాక్ ఐలండు ఆయుధశాలయు తయారుచేయుచుండెను. అప్పటికి గొట్టములు ఏకాండి ఉక్కువి, బాగుగానే ఉండెను. గొట్టము గట్టిపడినకొలది బలహీనత వెనుకకు జరిగినది. గొట్టము వెనుక కొనను మరతో బిగించు ఉక్కు దిమ్మ ఒకటి ఉండును. దానిని రిసీవరు అందురు. తూటాకు వెనుక తలుపువలె నుండు బోల్టును పట్టి ఉంచునది అదియే; పేలుడు యొక్క వెనుక దెబ్బ అంతయు దానిపై పడును. అది పేల్చువాని కంటికి గొట్టముకంటెను దగ్గర.

1917 ఏప్రిలులో అమెరికా యుద్ధములో ప్రవేశించినది. ఆ వేసవిలో కొన్ని రైఫిలులు పేల్చుచుండగా ముక్కలైనవి. వెంటనే కనబడిన కారణము తూటాలే: కొన్నింటి అడుగున ఇత్తడి మెత్తగా ఉండి, చిట్లి, వాయువు వెనుకకు వచ్చినది. కాని మంచి రిసీవరు దానిని కూడ తట్టుకొనవలెను. వంగవచ్చును, ఉబ్బవచ్చును, ముక్కలై ఎగురరాదు. ఈ రిసీవరులు విరిగిన తీరు వేరు. విరిగిన చోట లోహము ముతక స్ఫటికములతో బెల్లపు గడ్డ విరిగినట్లు కనబడినది. అనుమానమున్న మరికొన్నింటిని బల్లపై పెట్టి సుత్తితో కొట్టగా అవి పోత ఇనుమువలె పగిలినవి. అవి అన్నియు అంతకుముందు ఎక్కువ మందుతో పేల్చు పరీక్షలో నెగ్గి ముద్ర వేయించుకొన్నవే.

కారణము వెదకగా కొలిమి దగ్గర దొరకినది. ఉక్కును దిమ్మగా సాగగొట్టుటకు ముందు ఎంత కాల్చవలెనో అనుభవముగల పనివాండ్రు కంటితో, రంగును చూచి నిర్ణయించెడివారు. చిలుక ముక్కు ఎరుపు నుండి నారింజ, పసుపు, దాదాపు తెలుపు వరకు ఉక్కు రంగు వేడితోపాటు మారును. మన ఊళ్ల కమ్మరులకును ఇది తెలిసినదే. కాని రంగు చూచు కన్ను చుట్టు ఉన్న వెలుతురును బట్టి మారును. మబ్బు పట్టిన దినమున చీకటి కొలిమిశాలలో ధగధగ మెరయు ముక్క, ఎండ కాయుచున్న దినమున మందముగా కనబడును. పనివాడు ఇంకను కాగలేదని దానిని ఇంకను కాల్చును. కొలిచి చూడగా, వారి ‘సరియైన వేడి’ ఎండ దినమున మబ్బు దినముకంటె 300 ఫారెన్‌హీటు డిగ్రీల వరకు, అనగా సుమారు 165 సెంటీగ్రేడు డిగ్రీల వరకు ఎక్కువగా ఉండెనని తేలినది. అంత వేడిలో ఉక్కులోని స్ఫటికములు పెద్దవగును. ఇంకను మించినచో వాని సరిహద్దులలో ఆక్సిజన్ చేరి తుప్పువంటి పొర ఏర్పడి, ఒకదానిని ఒకటి పట్టుకొను శక్తి పోవును. ఇట్లు ‘కాలిపోయిన’ ఉక్కును మరల ఎంత పదును పెట్టినను పూర్వస్థితికి రాదు. ముద్దలోనే మాడిన పిండితో చేసిన రొట్టెను మరల కాల్చి బాగుచేయగలమా?

ఆ కమ్మరులను నేను తప్పు పట్టను. వారు పనిలో ఆరితేరినవారు. ఎండను చూచి కన్ను మోసపోవునని వారికి ఎవరు చెప్పిరి? కాని యాజమాన్యమును మాత్రము ఒక ప్రశ్న అడుగవచ్చును. రెండు వేరు లోహపు తీగల కొనలు కలిపి ఒక కలయికను కాల్చినచో విద్యుత్తు ప్రవహించునని సీబెక్ 1821లో కనుగొనెను. ఆ సూత్రముతో ప్లాటినము, ప్లాటినము-రోడియము తీగలను ఉపయోగించి కొలిమి వేడిని నమ్మకముగా కొలుచు సాధనమును ఫ్రాన్సులో లె షాటెల్యే 1887 ప్రాంతమున సిద్ధపరచెను. అనగా 1917 నాటికి ఆ పైరోమీటరు వయస్సు ముప్పది ఏండ్లు. అది కొలిమిశాలలోనికి రాకపోవుటకు కారణము విజ్ఞానము లేకపోవుట కాదు.

ప్రమాదముల తరువాత అది వచ్చినది. దానితోపాటు ఉక్కును రెండు మారులు కాల్చి పదునుపెట్టు క్రొత్త పద్ధతియు వచ్చినది. పైపొర కఠినముగాను, లోపల గుజ్జు సాగునట్లును ఉండుటకే అది. స్ప్రింగ్‌ఫీల్డులో 8,00,000 సంఖ్య గల రైఫిలు నుండి, రాక్ ఐలండులో 2,85,507 సంఖ్య నుండి, 1918లో, ఈ పద్ధతి అమలులోనికి వచ్చినది. క్రొత్త రిసీవరును సుత్తితో కొట్టినచో గంటు పడెను గాని పగులలేదు.

కాని అప్పటికే 10 లక్షలకు పైగా పాతవి సైన్యము చేతిలో ఉండెను. వానిలో అధికభాగము మంచివే. ఏవి చెడ్డవో ఎట్లు తెలియును? పేల్చి చూచినచో అన్నియు నెగ్గుచున్నవి. విరుగగొట్టి లోపలి స్ఫటికములను చూడవచ్చును. చూచిన తరువాత ఆ రిసీవరు ఉండదు. ఈ విషయమును దగ్గరుండి పరిశీలించిన సైనికాధికారి జూలియన్ హాచర్ 1947లో ప్రకటించిన తన గ్రంథములో, 1917 నుండి 1929 వరకు పగిలిన 68 రిసీవరుల పట్టికను ఇచ్చెను. కొందరు కన్ను కోల్పోయిరి. సుమారు 16,000 రైఫిలులకు ఒకటి పగిలినట్లు లెక్కకు వచ్చును. ఈ నిష్పత్తి చిన్నదా, పెద్దదా? లెక్కల ఉపాధ్యాయుడు చిన్నదనవచ్చును. వరుసలో నిలిచి పేల్చు సైనికునికి తన చేతిలోనిది ఆ ఒక్కటియో, తక్కిన 15,999లో ఒకటియో తెలియదు. 1927లో విషయమును పరిశీలించిన సంఘము పాత రిసీవరులను ఉపసంహరింపుమనెను. 1928లో పై అధికారులు మధ్యేమార్గము త్రొక్కిరి: అట్టి రైఫిలులను ఇకమీదట క్రొత్తగా ఎవరికిని ఈయరాదు, యుద్ధ నిల్వగా ప్రక్కన పెట్టవలెను, రిసీవరులను మార్చు సంగతి తరువాత చూడవచ్చును. శాంతికాలములో అపాయమని ప్రక్కన పెట్టిన దానిని యుద్ధములో వాడుకొందమని దాచుట విడ్డూరముగా తోచును. డబ్బు లేని రోజులలో ప్రభుత్వములు చేయు నిర్ణయములు ఇట్లే ఉండును.

పెళుసెక్కిన ఉక్కును పగులగొట్టకుండ గుర్తించుటకు ఆ నాడు సాధనము లేకపోయెను. పగులును గుర్తించు సాధనము మాత్రము త్వరలోనే దొరకినది, అదియు అనుకోకుండ. 1920 దశకపు మొదటి ఏండ్లలో అమెరికా ప్రమాణముల సంస్థలో పనిచేయు విలియం హోక్ అయస్కాంతపు పట్టులో బిగించి సానపట్టుచున్న ఉక్కు ముక్కలపై ఇనుపరజను అడ్డదిడ్డముగా గాక, కొన్ని గీతలుగా పేరుకొనుచుండుట చూచెను. ఆ గీతలక్రింద సన్నని పగుళ్లున్నవి. సాక్స్‌బీ దిక్సూచితో చేసినదియు ఇదియు ఒకటే. కాని ఇచట ఒక్క ముల్లుకు బదులు వేలకొలది రేణువులు ఒక్కసారిగా సాక్ష్యము చెప్పుచున్నవి. పగులు వద్ద అయస్కాంత బలరేఖలు తెగి, కొంత బయటికి చిందును. అక్కడ ఒక చిన్న ఉత్తరధ్రువమును దక్షిణధ్రువమును ఏర్పడి రజనును లాగును. 1930 దశకములో ఈ పద్ధతి కర్మాగారములకు ఎక్కినది.

ఇందులో తుపాకి గొట్టమునకు సంబంధించిన మెలిక ఒకటి కలదు. బలరేఖలకు అడ్డముగా ఉన్న పగులే రజనును లాగును. వానివెంట సాగు పగులు లాగదు. గొట్టమును మామూలు కడ్డీ అయస్కాంతమువలె చేసినచో బలరేఖలు పొడవునా పోవును. అడ్డపగుళ్లు మాత్రమే కనబడును. మనకు ఎక్కువ భయము నిలువు పగుళ్లదే గదా! అందువలన గొట్టము నడుమ ఒక రాగి కడ్డీని దూర్చి, దానిగుండా బలమైన విద్యుత్తును పంపుదురు. అప్పుడు బలరేఖలు గొట్టము చుట్టు వలయములుగా తిరుగును. నిలువు పగులు అడ్డము వచ్చి బయటపడును.

దీనిని పాఠశాలలో చూపుటకు తుపాకి అక్కరలేదు. ఇనుము కోయు ఱంపపు పాత రేకులు రెండు తీసికొనుడు. ఒకదాని వీపువైపు, నడుమ, సానరాతి అంచుతో సగము వెడల్పు వరకు అడ్డముగా సన్నని గంటు చేయుడు. రెండవ దానిపై ఒక గీతను పొడవునా గీయుడు. కడ్డీ అయస్కాంతపు ఒకే ధ్రువముతో రెండింటిని ఒక కొన నుండి రెండవ కొనకు, ఒకే దిక్కుగా, ఇరువది మారులు రుద్దుడు. వానిపై పలుచని కాగితము పరచి ఇనుపరజనును చల్లి, వ్రేలితో మెల్లగా తట్టుడు. రెండు రేకుల కొనల వద్దను రజను చేరును. మొదటి రేకులో గంటు ఉన్నచోట కూడ గుబురుగా లేచి నిలుచును. రెండవ రేకులో గీత వెంట చేరదు.